సముద్రమే కడుగుతుందిలే

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగడం లేదు.

పొద్దుటినుంచి ఇది ఏడోసారి. ఈ లెక్క నాది కాదు, మా అమ్మాయి హేరిమ్‌ది. నేను లెక్కపెడితే ఏడు డెబ్భై అవుతుందని ఊరందరికీ తెలుసు.

"అమ్మా, తలుపు తియ్యి."

నీళ్ళు.

"అమ్మా! నూనెతో ఒకసారి, నురగతో ఒకసారి, అంతేనని ఎన్నిసార్లు చెప్పాను? ఇలా తోముకుంటే తోలు ఊడొస్తుంది."

నీళ్ళు ఆగాయి. గడియ తీసిన చప్పుడు. నా భార్య ఇల్సున్ గుమ్మంలో నిలబడింది. ముఖం ఉడికిన పీతలా ఉంది. ముక్కు పక్కన, చెంప ఎముకల మీద పొర లేచిపోయి లోపలి ఎరుపు కనిపిస్తోంది. యాభై ఏళ్ళ ఉప్పునీళ్ళు చెయ్యలేని పని మూడు రోజుల మంచినీళ్ళు చేశాయి.

"ఊడిరానీ," అంది.

"నీకు పడలేదమ్మా. వీటిలో ఏదో ఒకటి పడలేదు. ఏదో చెప్పు, పక్కన పెట్టేద్దాం."

హేరిమ్ అరలోంచి సీసాలు, డబ్బాలు తీసి వసారాలో నేలమీద బారుగా పెట్టింది. నూనె, నురగ, గరుకు ముద్ద, తడిపే నీళ్ళు, బియ్యం పులియబెట్టిన రసం, నత్త జిగురు, ముఖానికి అతికించే తడి గుడ్డలు, కళ్ళ కింద రాసేది, మీగడలాంటిది, ఆఖరున రాత్రి పూసుకుని పడుకునే లేపనం. పదీ సిపాయిల్లా నిలబడ్డాయి.

"ఇదా?"

"కాదు."

"నత్తదా?"

"కాదే."

"మరి ఏది?"

ఇల్సున్ కళ్ళు బారు చివరిదాకా వెళ్ళి, అక్కడ ఆగి, గోడవైపు తిరిగాయి.

"నా పెళ్ళికి పన్నెండు రోజులే ఉంది," అంది హేరిమ్. "నువ్వూ మా అత్తగారూ పక్కపక్కన నడిచొచ్చి చెరో కొవ్వొత్తీ వెలిగించాలి. మూడొందల మంది చూస్తూంటారు. ఈ మొహంతో ఎలా వస్తావు?"

"రాను."

"ఏంటీ?"

"రెండూ మీ అత్తగారే వెలిగిస్తుంది. రెండు చేతులున్నాయిగా ఆవిడకి."

హేరిమ్ నాకేసి తిరిగింది. "నాన్నా, విన్నావా?"

"విన్నాను."

"మరి ఏమీ అనవేం? ఎప్పుడూ ఏదో ఒకటి అంటావుగా!"

అనవలసింది నోరు కదా. అది మూడు రోజులుగా నా మాట వినడం లేదు.

మల్సుక్‌ని కొండవాలులో పూడ్చిపెట్టి ఆ రోజుకి మూడో రోజు. మల్సుక్ నా భార్యకి నీటి జంట. మునిగి గుల్లలేరే మా ఊరి ఆడవాళ్ళు ఎవరూ ఒంటరిగా సముద్రంలోకి దిగరు. పెళ్ళినాడు మొగుడు దొరికినట్టే, దిగిననాడు ఒక జంట దొరుకుతుంది. మొగుడు తాగుబోతు కావచ్చు, నాలాంటి కబుర్లపోగు కావచ్చు, ఎలాగో వేగుతారు. నీటి జంట మాత్రం సరైనది పడాలి. ఒకరు రాతి కింద చెయ్యి పెడితే రెండోవారు పక్కనుండి చూడాలి. ఒకరు పైకి తేలి ఊపిరి ఈల వేస్తే రెండోవారి చెవిన పడాలి. నలభై తొమ్మిదేళ్ళు ఆ ఇద్దరూ ఒకరి ఈల ఒకరు వింటూ బతికారు. ఆఖరిరోజు మాత్రం ఒక్క ఈలే వినబడింది.

అసలిదంతా నా నోటి దురద.

రెండు నెలల కిందట వియ్యాలవారితో పరిచయ భోజనానికని సియోల్ వెళ్ళాం. వియ్యపురాలూ ఇల్సునూ ఒకే ఏడు పుట్టినవాళ్ళు. వడ్డించే పిల్ల ఆవిణ్ణి 'మేడమ్' అంది, మా ఆవిణ్ణి 'మామ్మా' అంది. బల్లచుట్టూ నిశ్శబ్దం. నిశ్శబ్దం చూస్తే నాకు ఒళ్ళు దురద పుడుతుంది.

"మా ఆవిడ మొహాన్ని తక్కువగా చూడకండి వదినగారూ," అన్నాను. "సముద్రం యాభై ఏళ్ళు ఎండబెట్టిన సరుకు అది. కొంచెం కాల్చి సోజు సారాతో నంజుకుంటే స్వర్గమే. ఒకసారి ఈ మొహానికి ఎదురుపడి సొరచేప ఒకటి క్షమించమని చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది."

అందరూ నవ్వారు. ఇల్సున్ అందరికన్నా గట్టిగా నవ్వింది. ఇంటికొచ్చాక కూతురికి ఫోన్ చేసి, నేను నిద్రపోయాననుకుని అడిగింది: "ఏం పూస్తే కొంచెం తగ్గుతుందే?"

ఆ మాటకి మా పిల్ల ఫోన్లోనే ఏడ్చింది. ముప్పై రెండేళ్ళలో అమ్మ తనని ఏదైనా అడగడం అదే మొదటిసారి. సియోల్లో ముఖసామగ్రి దుకాణంలో నిలబడి, దేశదేశాల నుంచి వచ్చే ఆడవాళ్ళకి ఈ పది మెట్లూ నేర్పడమే దాని ఉద్యోగం. అమ్మకి నేర్పడమంటే మాటలా! వారం తిరక్కుండా పెట్టె వచ్చింది. రోజూ సాయంత్రం ఫోన్లో తల్లీకూతుళ్ళకి బడి.

తడి గుడ్డ మొహానికి అతికించుకుని కూర్చున్న మొదటిరోజు, తోటలోంచి వచ్చిన నేను బత్తాయిల బుట్ట వదిలేసి కేకపెట్టాను. నత్త జిగురు రాసిన రోజు ఇల్సున్ అంది: "గుల్లల్ని ఉడకబెట్టి పిల్లని చదివించాను. ఇప్పుడు నత్త నా మొహం మీద పాకి పగ తీర్చుకుంటోంది." నెల తిరిగేసరికి అద్దం ముందు నిలబడి, ఎవరి పసిపిల్లనో ముట్టుకున్నట్టు వేలి కొసలతో తన చెంప తనే ముట్టుకునేది.

"మెత్తబడింది కదూ?" అని అడిగింది ఒకనాడు.

"బండకేసి బాదితే ఆక్టోపస్ కూడా మెత్తబడుతుంది," అన్నాను.

అవునని ఒక్క మాట అంటే నా నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా?

హేరిమ్ విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు పళ్ళు కొరుకుతున్నాయి. నేను ఇల్సున్ పక్కన కూర్చున్నాను.

"పిల్ల ఏడుస్తోంది," అన్నాను.

"తెలుసు."

"మల్సుక్ పోయిన దుఃఖం నాకూ ఉంది. మనిషి పోయినందుకు మొహం ఊడగొట్టుకోవడం ఏ ఊరి ఆచారం?"

ఇల్సున్ గోడవైపే చూస్తోంది. గోడ అవతల ఎవరో నాచు ఆరబోస్తున్నారు. తడి బరువుగా నేలమీద పడుతున్న చప్పుడు.

"ఆ రోజు పొద్దున నేను మొహం కడుక్కోలేదు," అంది.

"అయితే?"

"ఆ ఆఖరి డబ్బా ఉంది చూడు. రాత్రి పూసుకుని పడుకోవాలి. పొద్దున్నే కడిగెయ్యాలని పిల్ల మరీమరీ చెప్పింది. ఆ రోజు గుల్లల వేటకి రమ్మని ఊరి మైకులో తొందరగా పిలిచారు. అంత మంచి సరుకు నీళ్ళపాలు చెయ్యడమెందుకు, ఇంకో గంట ఇంకనీ అనుకున్నాను. ఎలాగూ దిగుతున్నాను కదా, సముద్రమే కడుగుతుందిలే అనుకున్నాను."

నాకింకా అర్థం కాలేదు. నా మొహం చూసి ఆవిడకి అది తెలిసింది.

"ఎండకి పూసుకునే తెల్లది ఆరితే అతుక్కుపోతుంది. ఇది జారుతుంది, ఓ మనిషీ. నీటి అద్దం మొహానికి పట్టేది రబ్బరు అంచుతోనే. అంచు కింద జిడ్డుంటే ఏమవుతుంది? నలభై తొమ్మిదేళ్ళలో నా అద్దంలోకి చుక్క నీరు రాలేదు. ఆ రోజు మూడో మునకలో బుడుంగుమని వచ్చేసింది."

"మల్సుక్ ఎక్కడుంది అప్పుడు?"

"పక్కనే. రాతి కింద చెయ్యి పెట్టింది. నాకేసి చూసి వేలు ఎత్తింది, పెద్దది దొరికింది, నువ్వుండు అని. నాకు ఊపిరి ఇంకా సగముంది. సగముంది! కళ్ళల్లో ఉప్పు, అంతా మసక. పైకొచ్చేశాను."

మిగిలింది ఊరందరికీ తెలిసిందే. అబలోన్ గుల్ల రాతికి బిగుసుకుని, కింద దూర్చిన ఇనుప పలుగుని పట్టేసింది. పలుగు తాడు మల్సుక్ మణికట్టుకి ఉంది. పక్కనున్నవాళ్ళు ఒక్క కోత కోస్తే తెగే తాడు. ఊపిరి కోసం ఇల్సున్ పైకి వచ్చిన సమయానే అలా జరిగిందని పోలీసులు రాసుకున్నారు. తోటి ఆడవాళ్ళు ఇల్సున్‌నే కావలించుకుని ఏడ్చారు. ఊపిరి చాలక పైకి రావడం తప్పెలా అవుతుంది?

"ఎవరికైనా చెప్పావా?" అన్నాను.

"నీకే."

వెనక గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. హేరిమ్ జావ పట్టుకుని ఎంతసేపటినుంచి నిలబడి ఉందో. అది నాకేసి చూడలేదు, తల్లి ఎదుట చతికిలబడింది.

"నేను చదివి వినిపించాను కదమ్మా? డబ్బా మీదున్నది. పొద్దున గోరువెచ్చటి నీళ్ళతో కడిగెయ్యాలని. చదివాను కదా?"

"చదివావు తల్లీ."

"రెండుసార్లు చదివాను."

"రెండుసార్లు చదివావు."

"అద్దం పెట్టుకుంటే జారుతుందని నాకెలా తెలుస్తుంది? మా కొట్టుకి వచ్చేవాళ్ళెవరూ సముద్రంలో మునగరమ్మా!"

"నిన్నెవరన్నారే?"

"ఎవరూ అనక్కర్లేదు." మోకాళ్ళలో మొహం దాచుకుంది. కాసేపటికి తలెత్తి, కళ్ళు తుడుచుకుని, దుకాణంలో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడింది. "చూడమ్మా. నిన్నెవరూ అడగలేదు. ఊపిరికోసం వచ్చానన్నావు, అది అబద్ధం కాదు. చెబితే మల్సుక్ పిన్ని తిరిగి రాదు. ఎందుకు చెప్పాలి?"

"మల్సుక్ కొడుక్కి? గిబోమ్‌కి?"

"గిబోమ్ అన్నకి అసలొద్దు. ఎల్లుండి ఉల్సాన్ వెళ్ళిపోతాడు. ఓడల దగ్గర పని, వెల్డింగు మంట ముందు పని. ఆ పనిలో నిలబడి ఇది తలుచుకుంటూ ఉండాలా?"

పిల్ల మాటలో పొరపాటు నాకేమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే, నాకు చాలా బాగా కనబడింది.

హేరిమ్ లేచి వాకిట్లోకి వెళ్ళి మూడు కర్రలూ గుంజలకి అడ్డంగా తోసింది. మా పాత ఇంటి వాకిలికి తలుపులేమీ లేవు, ఆ కర్రలే. మూడూ పెడితే ఇంట్లో ఎవరూ లేరని అర్థం. ఇంట్లో ముగ్గురం ఉండి ఆ కర్రలు పెట్టడం మా వంశంలో అదే మొదలు.

ఇల్సున్ లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. ఎనిమిదోసారి.

ఆ నీళ్ళ చప్పుడే పట్టించింది. కాసేపటికి కర్రల మీదుగా కాలు వేసి గిబోమ్ వచ్చాడు. నల్లబట్టలు, చేతికి సంతాపపు పట్టీ. నలభై ఏళ్ళవాడు, మూడు రోజుల్లో యాభై దాటేశాడు.

"కర్రలున్నాయి, లేరేమో అనుకున్నాను పెదనాన్నా. నీళ్ళ చప్పుడైతే వచ్చాను."

"అవి పిల్ల ఆడుకోడానికి పెట్టింది," అన్నాను. ముప్పై రెండేళ్ళ పిల్ల వంటింటి గుమ్మంలో రాయిలా నిలబడి ఉంది.

చెప్పులు విడిచి వసారాలో కూర్చున్నాడు. బారుగా ఉన్న సీసాలు చూసి, ఏమిటో తెలియక, మర్యాదగా కొంచెం పక్కకి జరిగాడు.

"రేపు పొద్దున ఆటు వేళకి సముద్రంలోంచి అమ్మ ప్రాణాన్ని పిలుస్తున్నాం. పూనకం వచ్చే గణాచారి వస్తోంది. బండమీద నిలబడి పేరు పెట్టి పిలవడం ఆఖరున పక్కనున్నవాళ్ళే చెయ్యాలట. వేరేవాళ్ళు పిలిస్తే ప్రాణం గుర్తుపట్టదట. పెద్దమ్మని అడుగుదామని."

"అలాగే," అన్నాను.

"ఇంకోటి." చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళనిండా పాత కాలిన మచ్చలు. "పోలీసులు చెప్పినదాంట్లో అమ్మ లేదు పెదనాన్నా. తాడు ఉంది, రాయి ఉంది, ఎన్ని గంటలకో ఉంది. అమ్మ ఎలా ఉంది ఆ రోజు? ఏమైనా అందా? పెద్దమ్మ మీకేమైనా చెప్పిందా?"

ఇక్కడ నేను ఊరుకోవలసింది. నీళ్ళ చప్పుడు ఆగిపోయిందని కూడా గమనించలేదు. ఎదురుగా మనిషి ఆకలిగా కూర్చుంటే నాకున్నది ఒక్కటే వంటకం.

"చెప్పకేం!" అన్నాను. "ఆ ముందు మునకలో మీ అమ్మ తెచ్చిన అబలోన్ చూడాల్సింది. కుండ మూతంత! పైకొచ్చి, నీళ్ళమీద తేలుతూ, దాన్ని నెత్తిమీద టోపీలా పెట్టుకుని నవ్విందట. 'అక్కా, గిబోమ్ వస్తే దీంతో జావ కాస్తాను, వాడికి చిన్నప్పటినుంచీ ప్రాణం' అందట. 'ఇంకోటుంది, అదీ తెస్తా'నని నవ్వుతూనే మునిగిందట. అంతే నాయనా. నవ్వుతూనే."

గిబోమ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. తల్లిని పూడ్చినప్పుడు కూడా ఏడవనివాడు నా అబద్ధం విని ఏడ్చాడు. ఆ క్షణంలో నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే మీరు నన్ను తిడతారు.

"నా పేరు అందా?" అన్నాడు.

"అనలేదు," అని నా వెనకనుంచి వినబడింది.

ఇల్సున్ వసారాలోకి వచ్చింది. గడ్డంనుంచి నీళ్ళు కారుతున్నాయి.

గిబోమ్ లేవబోయి, ఆ మొహం చూసి ఆగిపోయాడు. "అయ్యో పెద్దమ్మా! ఇంతలా ఏడ్చావా అమ్మకోసం? చూడు, తోలు పోయింది..." అంటూ ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

ఆవిడ చేతులు విడిపించుకుంది.

"ఏడుపు కాదురా. కూర్చో. మీ పెదనాన్న చెప్పింది కథ. మీ అమ్మ టోపీ పెట్టుకోలేదు, నవ్వలేదు, నీ పేరు అనలేదు. ఒక వేలు ఎత్తింది. నువ్వుండు అని."

"అమ్మా," అంది హేరిమ్.

"నేను ఉండలేదు."

చెప్పింది. వడ్డించే పిల్ల 'మామ్మా' అన్నదగ్గరనుంచి మొదలుపెట్టింది. నా సొరచేప సంగతి చెప్పకుండా దాటేసింది, నన్ను వదిలేసింది. పొద్దున కడుక్కోకపోవడం చెప్పింది. సముద్రమే కడుగుతుందనుకోవడం చెప్పింది. సగం ఊపిరి చెప్పింది. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. నిజం ఇంత చిన్నగా ఉంటుందా!

గిబోమ్ చాలాసేపు బారుగా ఉన్న సీసాలకేసి చూశాడు.

"పైకొచ్చాక?" అన్నాడు.

"అద్దం తీసి నీళ్ళు పారబోశాను. మొహం తుడుచుకున్నాను."

"తరవాత?"

"పెట్టుకున్నాను. జారింది. మళ్ళీ తుడుచుకున్నాను."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"ఆ మూడుసార్లలో ఒక్కసారైనా, అద్దం లేకుండా..." ఆగిపోయాడు.

"అద్దం లేకుండా దిగొచ్చు," అంది ఇల్సున్. "దిగొచ్చురా. మా అమ్మ అలాగే దిగేది. నాకు తట్టలేదు. అద్దం జారకుండా ఆగేదెప్పుడా అని మొహమే తుడుచుకుంటూ ఉన్నాను."

హేరిమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అవతలి వాకిట్లో నాచు ఆరబోయడం అయిపోయినట్టుంది.

గిబోమ్ లేచాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎడమది కుడికాలికి తొడిగి, తీసి, మళ్ళీ తొడిగాడు. వాకిట్లో కర్రల దగ్గరికి వెళ్ళి, దాటకుండా, ఒక్కొక్కటే తీసి నేలమీద పెట్టాడు. వెనక్కి తిరక్కుండా అన్నాడు:

"రేపు ఆటు ఆరింటికి. పిలవడానికి వేరే ఎవరూ లేరు."

వెళ్ళిపోయాడు. రాతిగోడల మలుపులో వాడి నల్ల వీపు కనబడకుండా పోయేదాకా ముగ్గురం చూస్తూనే ఉన్నాం.

"రమ్మన్నాడా?" అంది ఇల్సున్. "రావద్దని అన్నాడా?"

హేరిమ్ నాకేసి చూసింది. ఏదో ఒకటి చెప్పు నాన్నా అని దాని కళ్ళు బతిమాలుతున్నాయి. నేను నోరు తెరిచాను.

ఇల్సున్ తడి చెయ్యి నా నోటిమీద పడింది.

"నువ్వు మాత్రం చెప్పకు," అంది.